దేవ్‌సింగ్ కొట్టి కొన్న హెల్మెట్

దేవ్‌సింగ్ తన జీవితంలో నమ్మిన ప్రతి వస్తువూ ముందుగా అతని చేతి దెబ్బ తిన్నదే. టేకులపల్లికి ఆవల, అడవి అంచున ఉన్న తండాలో పుట్టిన ఆ మనిషి పద్దెనిమిదో ఏట గొడ్డలి పట్టి, ముప్పై ఏళ్లపాటు ప్రభుత్వ కూపుల్లో టేకు నరికాడు. కూపు అంటే అటవీశాఖ వారు గుర్తులు వేసి నరికించే అడవి ముక్క. అక్కడ చెట్టును నరకడం కన్నా ముందు చెట్టును వినడం నేర్చుకోవాలి. గొడ్డలిని తిరగేసి, మొద్దుగా ఉండే వెనుక భాగంతో మానును ఒక్కటి కొడితే, లోపల గట్టిగా ఉన్న చెట్టు ఖంగుమంటుంది. గుల్లబారిన చెట్టు తడిసిన డప్పులా గొణుగుతుంది. గుల్ల చెట్టు నరికేవాడు చెప్పిన పక్కకు పడదు, తనకు తోచిన పక్కకు పడుతుంది. ఒకనాడు కొట్టి చూడడం మరిచిన పోతయ్య అనే తోటి కూలీ మీద అటువంటి చెట్టే పడి, అతని నడుమును ఎండుకొమ్మలా విరిచింది. ఆ విరిగిన చప్పుడు దేవ్‌సింగ్ చెవుల్లో ఉండిపోయింది.

అప్పటినుంచి కొట్టి చూడనిదే అతడు దేనినీ ఇంట్లోకి రానివ్వలేదు. కుండలను అందరూ వేలి కణుపుతో తట్టి కొంటారు, అది వింత కాదు. అతడు తలుపు చెక్కలను తన్ని కొన్నాడు, బండి ఇరుసును గునపంతో మోది కొన్నాడు. పెద్ద కూతురి పెళ్లిమాటల నాడు, కాబోయే అల్లుడి వీపు మీద ఆప్యాయంగా ఒక్కటి చరిస్తే ఆ కుర్రవాడు మింగుతున్న మంచినీళ్లు ముక్కులోంచి వచ్చాయి. “గట్టి పిలగాడే” అని సంబంధం ఖాయం చేశాడు. ఆ అల్లుడు నేటికీ మామ ముందు వీపు గోడకు ఆనించి కూర్చుంటాడు.

మూడేళ్ల కిందట, తల్లాడ నుంచి మోటారుసైకిల్ మీద ఇంటికి వస్తున్న తమ్ముడు తుల్సీరాంను బొగ్గు లారీ ఢీకొన్నది. కబురంది పరుగెత్తిన దేవ్‌సింగ్‌కు తమ్ముడికన్నా ముందు తమ్ముడి హెల్మెట్ కనిపించింది. రోడ్డుకు ఈ పక్కన ఒక చిప్ప, ఆ పక్కన ఒక చిప్ప. గడ్డం కింది పట్టీ మాత్రం పెట్టుకున్నది పెట్టుకున్నట్లే మెడకు బిగిసి ఉంది. పట్టీకి పైన చూడవలసినది చూసి, అతడు తన తలరుమాలు విప్పి, వేడి తారు మీద నుంచి తమ్ముణ్ణి రెండు దోసిళ్లుగా ఎత్తి అందులో మూటకట్టాడు. మూడో రోజు గొడ్డలితో వెళ్లి, ఆ హెల్మెట్ అమ్మిన దారిపక్క వ్యాపారి సరుకునంతా వరసగా పేర్చి ఒక్కొక్కటే చీల్చాడు. అడ్డు వచ్చిన ఆ వ్యాపారి మూతి మీద పిడికిలితో గుద్దితే రెండు పళ్లు దుమ్ములో రాలాయి. ఆ బక్కమనిషి నోరు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతుండగా, “నేను చేసింది గాదన్నా, తెచ్చి అమ్ముతాన్నంతే” అన్నాడు. పోలీసులు దేవ్‌సింగ్‌ను సాయంత్రం దాకా ఠాణాలో కూర్చోబెట్టి పంపారు. చేసిన పనికి అతడు పశ్చాత్తాపపడలేదు; తమ్ముడు కొన్ననాడే ఆ టోపీని తాను కొట్టి చూడనందుకే పశ్చాత్తాపపడ్డాడు.

ఈ యేడు చిన్న కూతురు సోనికి పశువైద్య శాఖలో సహాయకురాలి ఉద్యోగం వచ్చింది. ఏన్కూరు నుంచి అడవిలోపలి పల్లెలకు తిరగాలి. ఈనలేక గేదె ఒరుగుతున్నదని ఫోను వస్తే బస్సు కోసం ఎదురుచూడడం కుదరదు. ఆ దారులకు బస్సే లేదు. అందుచేత ఆమె తుల్సీరాం కొడుకు హీరాలాల్ దగ్గర, పత్తి పీకేసిన చేలో, పది రోజుల్లో మోటారుసైకిల్ నేర్చుకుంది. రెండుసార్లు పడింది. రెండోసారి హ్యాండిలు పక్కటెముకల్లో దిగబడి అరగంటసేపు ఊపిరి సరిగా ఆడలేదు. వచ్చే సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఆ సోమవారం లోగా బిడ్డ తల మీద ఏమి పెట్టి రోడ్డు ఎక్కించాలన్నదే దేవ్‌సింగ్‌ను తొలుస్తున్న ప్రశ్న.

శనివారం ఉదయం అతడు ఖమ్మంలో అనిల్‌కుమార్ దుకాణానికి వెళ్లాడు. చంకలో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువొకటి ఉంది.

“మంచి హెల్మెట్లు తియ్యి సేటూ, మూడు రకాలు. నా బిడ్డకు.”

అనిల్‌కుమార్ మూడు తీసి బల్ల మీద పెట్టాడు. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం వాడు, మాట మెత్తన. “అమ్మాయిగారి తల కొలత తెలుసాండీ?” అని అడుగుతుండగానే, దేవ్‌సింగ్ కొలత తాడును జేబులోంచి తీసి ఇచ్చి, మూడింటినీ ఎత్తుకెళ్లి గుమ్మం ముందున్న రాతిమెట్టు మీద వరసగా పెట్టాడు. తువ్వాలు విప్పాడు.

“అయ్యో, పెద్దాయనా! ఆ గొడ్డలేంటండీ?”

“భయపడకు సేటూ, నీకు గాదు.”

తిరగేసిన గొడ్డలి లేచింది. మొదటి హెల్మెట్ నెత్తి నుంచి గడ్డం దాకా నెర్రె విచ్చింది. రెండోదాని ముందరి అద్దం ఎగిరి వచ్చి అనిల్‌కుమార్ ఛాతీకి తగిలింది. వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు. మూడోది మెట్టు మీద కొంచెం దొర్లి కుడి పక్కకు ఒరిగింది. దేవ్‌సింగ్ కాళ్లు ఎడంగా పెట్టి, మానును వినేవాడిలా తల వంచి, మొదటి రెండింటికన్నా బలంగా, ఎడమ చెవి పైభాగాన మోదాడు. గొడ్డలి ఎగిరి వెనక్కు వచ్చింది. అతని చేయి భుజం దాకా జివ్వుమన్నది. హెల్మెట్ మీద బొటనవేలంత తెల్లని గుర్తు తప్ప ఏమీ లేదు.

“గిదీ! గిది బతికింది. కట్టు.”

“మంచి సరుకేనండీ. ఆగండి, అదే రకం కొత్తది లోపల్నుంచి తెస్తా. ఇది దెబ్బ తినేసింది కదా, ఇంక పనికిరాదు.”

“ఓహో! కొట్టి సూస్కున్నది తీస్కొని, కొట్టనిది అంటగడ్తవా? అడివిల పుట్టిన గని ఎడ్డోణ్ణి గాదు సేటూ.”

“అది కాదండీ. లోపల థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది. దెబ్బను అదే మింగుతుంది, ఒక్కసారే మింగుతుంది. మళ్లీ అక్కడే...”

“మింగుడు లేదు, కక్కుడు లేదు. నా దెబ్బకు నిలవడ్డది గిదొక్కటే. కడ్తవా, లేదా?”

గొడ్డలి అతని చేతిలోనే ఉంది. అనిల్‌కుమార్ దాన్నే కట్టి ఇచ్చాడు. పగిలిన రెండింటి ఖరీదు కూడా బల్ల మీద పెట్టి, మందపాటి జాకెట్టు, చేతితొడుగులు, చీలమండ కప్పే బూట్లు కూడా కొని, దేవ్‌సింగ్ బస్సెక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం జాకెట్టు వంతు వచ్చింది. దానిని గొడ్డలితో కొట్టి లాభం లేదని అతనికీ తెలుసు. రోడ్డు మీద పడ్డవాణ్ణి చంపేది దెబ్బ ఒక్కటే కాదు, ఈడ్పు కూడా. కనుక జాకెట్టూ చేతితొడుగులూ తానే తొడుక్కుని, నడుముకు తాడు కట్టుకుని, కొసను హీరాలాల్ ట్రాక్టరుకు ముడివేశాడు.

“వద్దు పెద్దబాపూ! సూసినోళ్లు నన్ను ఠాణాల ఏస్తరు.”

“నడుపు. ఆ చింతచెట్టు దాక. జల్దీ.”

ట్రాక్టరు కదిలింది. కంకర దారి మీద దేవ్‌సింగ్ దుంగలా ఈడ్చుకుపోయాడు. దుమ్ము లేచింది, రాళ్లు పటపటమని ఎగిరాయి. చింతచెట్టు దగ్గర తాడు విప్పితే జాకెట్టు మోచేతుల దగ్గర గీతలు పడిందే గాని చిరగలేదు. అయితే అతడు నడుము కింది భాగాన్ని గురించి ఆలోచించలేదు. పంచె ఎక్కడో దారిలో ఉండిపోయింది. తుంటి నుంచి మోకాలి దాకా తోలు లేచి, ఎర్రటి మాంసంలో కంకర పలుకులు మెరుస్తున్నాయి.

భార్య చాంది పసుపు ముద్ద పట్టుకుని వచ్చి చూసింది. “అంగి బతికింది. ఏస్కున్నోడే సగం సచ్చిండు.”

“మోకాళ్లకు గూడ ఏమన్న కొనాలె” అన్నాడతడు పళ్లు బిగించి.

బస్సులో ఏన్కూరు వెళ్లి ఆఫీసు ఎక్కడుందో చూసుకుని సోని ఇంటికి వచ్చేసరికి అతడు పశువుల కొట్టం ముందు మంచం మీద ఒక పక్కకు పడుకుని ఉన్నాడు. కొన్నవన్నీ పక్కనే పేర్చి ఉన్నాయి. బిడ్డకు హెల్మెట్ అందించి, దాని వీరగాథ అంతా చెప్పాడు. సోని తెల్లని గుర్తు మీద వేలు పెట్టింది. లోపలి గుడ్డ ఊడదీసి చూసింది. ఆ గుర్తుకు సరిగ్గా కింద, తెల్లని పొర అరచేతి మేర అణిగి పగుళ్లు వారి ఉంది.

“ఇది సచ్చిపోయింది బాపు.”

“ఏందీ?”

“నీ గొడ్డలి దెబ్బను ఆపింది. దాని పని అయిపోయింది. గీ జాగల ఇంకో దెబ్బ తగిల్తే నా తలకు, లారీకి నడుమ ఏం లేదు. ఇది నేను పెట్టుకోను.”

“ఆ సేటు మాటే నువ్వు గూడ అంటవా? సదువుకున్నోళ్లంత ఒక్కటే!” దేవ్‌సింగ్ లేచి కూర్చున్నాడు. పుండు మంచానికి రాసుకుని నెత్తురు చిమ్మింది. “కొట్టనిది పెట్టుకొనే మీ బాబాయి పోయిండు. రోడ్డు మీద గరిటెతోటి ఎత్తినట్టు ఎత్తిన నేను. నువ్వు సూసినవా? గిది పెట్టుకుంటెనే బండెక్కుతవు. లేకుంటె బండిని గిక్కణ్నే నరుకుత.”

“నరుకు. నడుసుకుంట పోయి నౌకరి జేస్త. సచ్చినదాన్ని మాత్రం నెత్తిమీద పెట్టుకోను.”

“సచ్చిందా? సూస్తవా సచ్చిందో బతికిందో?”

ఎవరికీ అర్థమయ్యేలోపు అతడు హెల్మెట్ తన తలకు దిగేసుకున్నాడు. అతని తలకు చిన్నది కనుక అది చెవులను గీరుకుంటూ దిగింది. హీరాలాల్ వైపు తిరిగి, “గొడ్డలి తీస్కొని కొట్టురా” అన్నాడు. హీరాలాల్ వెనక్కు నడిచాడు. చాంది గొడ్డలిని రెండు చేతులా వాటేసుకుని నేల మీద కూలబడింది. దేవ్‌సింగ్ ఇక ఎవరినీ అడగలేదు. కొట్టంలో నడుము లావు టేకు గుంజ ఒకటి ఉంది. దాన్ని కొట్టి చూసి పాతినవాడు తానే. తెల్లని గుర్తు దానికే తగిలేటట్లు తల ఎడమకు వంచి, పొట్టేలులా ఉరికాడు. సోని అడ్డం వచ్చింది. ఆమెను మోచేత్తో విసిరి పక్కకు పడేశాడు.

గుంజ కదలలేదు. హెల్మెట్ లోపల, ఎప్పుడో అడవిలో పోతయ్య నడుము విరిగినప్పుడు విన్న చప్పుడే వినిపించింది. కొట్టం కప్పు నుంచి దుమ్ము రాలింది. గేదెలు తాళ్లు తెంపుకున్నంత పని చేశాయి. దేవ్‌సింగ్ మోకాళ్ల మీద కూర్చుని, ఏదో చెప్పబోయి, వాంతి చేసుకుని, ముందుకు పడ్డాడు. సోని పాకుతూ వచ్చి హెల్మెట్ తీసింది. ఎడమ చెవిలోంచి పలచని నెత్తురు ఆగకుండా మెడ మీదుగా కారుతోంది.

కొత్తగూడెం దవాఖానాకు ట్రాక్టరు మీదే తీసుకుపోయారు. సోని దారి పొడుగునా రెండు మోకాళ్ల మధ్య అతని తలను కదలకుండా పట్టుకుని కూర్చుంది. ఎడమ పుర్రెలో వెంట్రుకంత పగులు ఉందనీ, ప్రాణానికి భయం లేదనీ, ఆ చెవికి మాత్రం ఇక వినికిడి రాదనీ డాక్టరు చెప్పాడు. చేరవలసిన సోమవారం దవాఖానా వరండాలో గడిచిపోయింది. సోని అధికారులకు విన్నవించుకుని మరో వారం గడువు తెచ్చుకుంది.

ఆరో రోజున ఆమె ఖమ్మం వెళ్లి, అనిల్‌కుమార్ దుకాణంలో అదే రకం కొత్త హెల్మెట్ కొని, మంచం దగ్గరకు తెచ్చింది. దేవ్‌సింగ్ దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. కుడి చేతి వేళ్లు వాటంతట అవే ముడుచుకుని, కణుపులు పైకి లేచాయి. సోని మణికట్టు పట్టుకుంది.

“కొట్టకుండ ఎట్ల నమ్మాలె బిడ్డా?”

ఆమె కుడి చెవి పక్కకు వచ్చి చెప్పింది. “గట్లనే నమ్మాలె బాపు. సూద్దామని కొడితె, సూసుడుతోనే దాని బతుకు అయిపోతది.”

“మరి మంచిదో పనికిరానిదో ఎప్పుడు తెలుస్తది?”

“నేను పడ్డనాడు.”

అతడు కిటికీలోంచి, ఆస్పత్రి ముందు రోడ్డు మీద పోయే బొగ్గు లారీలను చూశాడు. ఒకదాని వెనుక ఒకటి, కుడి చెవికి మాత్రమే వినిపిస్తూ పోయాయి. తరువాత హెల్మెట్‌ను రెండు చేతులతో ఎత్తి భార్యకు ఇచ్చాడు.

“చాందీ, దీన్ని నా చేతికి అందకుండ పెట్టు.”

ఇప్పుడు సోని ఉద్యోగంలో చేరి ఆరు నెలలయింది. వాగు రాళ్ల మీద బండి జారి ఒకసారి మోచేయి కొట్టుకున్నది. ఒక గేదె తన్నితే పక్షం రోజులు కుంటింది. అడవిపంది ఒకటి ముందు చక్రాన్ని గుద్ది బండిని గోతిలోకి తోసిననాడు జాకెట్టు వీపు చీలింది. తలకు మాత్రం ఏమీ తగలలేదు. ప్రతి సాయంత్రం ఆమె బండి ఆపి హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టగానే, దేవ్‌సింగ్ చేతులు రెండూ వీపు వెనుక గట్టిగా పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాడు. కుడి పక్క చూస్తాడు, ఎడమ పక్క వంగి చూస్తాడు. ఎక్కడా గీత ఉండదు.

“ఇయ్యాల గూడ తెల్వలే” అంటాడు చాందితో, సంబరంగా.