నోట్లో మోసుకొచ్చిన చప్పుడు

కడక్... కడక్... కడక్...

వీధిలో జీపు లేదు. జీపు చప్పుడు మాత్రం వినబడుతోంది. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద నడిచేవాళ్లకు అది వింతేమీ కాదు. రేకుల షెడ్డులో ఎవరో డ్రైవరు నిలబడి, నాలుకను అంగిలికి కొడుతూ, ఎక్కడో గుట్టల్లో ఆగిపోయిన తన బండిని ఇక్కడ మాట్లాడిస్తున్నాడని వాళ్లకు తెలుసు. అతని ఎదురుగా, నూనె మరకల స్టూలు మీద, కళ్లు మూసుకుని ముక్తియార్ కూర్చుని ఉంటాడు.

డెబ్బైలలో ఆ చుట్టుపక్కల జీపు చెడితే దాన్ని పట్నం దాకా లాక్కురావడం పెద్ద పని. అందుకని కలకడ నుంచీ, పెద్దపంజాణి నుంచీ, కుప్పం అవతలి పల్లెల నుంచీ డ్రైవర్లు బస్సెక్కి వచ్చేవాళ్లు. బండిని అక్కడే వదిలేసి, దాని చప్పుడును నోట్లో పెట్టుకుని వచ్చేవాళ్లు. ముక్తియార్ విని రోగం చెప్పేవాడు. వాళ్లు తిరిగి పోయి, ఆయన చెప్పినచోట విప్పి, చెప్పినట్టు బిగించుకునేవాళ్లు. ఈ విద్య ఆయనకు మదనపల్లెలో బాబు సాహెబ్ షెడ్డులో పదమూడేళ్లు పని చేస్తే అబ్బింది. రెండో ప్రశ్న అడగకుండా రోగం చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే ఆయనకు ఇష్టం. ఎదురుగా టీ కొట్టు వెంకటస్వామి దగ్గర గ్లాసులు పట్టుకుని జనం చూస్తుంటే ఆ ఇష్టం ఇంకాస్త పెరిగేది.

1979 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దేవరాజులు వచ్చాడు. కుప్పం దగ్గరి ఒక పల్లెలో నారాయణస్వామి అనే రైతుకు పాత జీపు ఉంది. పట్టుగూళ్ల బుట్టలను గుట్ట దాటించి సంతకు చేర్చే ఆ జీపుకు దేవరాజులు డ్రైవరు. సన్నటి మనిషి. నాలుగు గంటల బస్సు ప్రయాణపు దుమ్ము కనురెప్పల మీద అలాగే ఉంది.

"మొదట్లో పిట్ట కూసినట్లు ఉండె సాయిబూ. కిచకిచా అని. మళ్లీ..."

"పిట్టల కథ వద్దులేప్పా. ఇంజను ఏమంటాండాదో అది చెప్పు."

టీ కొట్టు దగ్గర నవ్వారు. "ఏం దేవరాజులూ, జీపు తోల్తాండావా, చిలక జోస్యం చెప్తాండావా?" అన్నాడు వెంకటస్వామి.

దేవరాజులు కూడా నవ్వాడు. రెండు చేతులతో లేని స్టీరింగు పట్టుకున్నాడు. కుడికాలితో లేని ఎక్సలేటరు తొక్కాడు. కడక్, కడక్, కడక్. ఒక్కో దెబ్బకూ అతని కనుబొమలు పైకి లేచి దిగుతున్నాయి, చప్పుడు తన ఒంట్లోనే పుడుతున్నట్టు. నాలుగో దెబ్బకే ముక్తియార్ అరచెయ్యి ఎత్తాడు.

"సాలు. ట్యాపెట్లు. సందు ఎక్కువైండాది. బిగించుకో, సరిపోతాది."

"ఇంకేమీ లేదు గదా? బుట్టలేసుకోని గుట్ట ఎక్కాల."

"నా మాట మీద ఎక్కుపో."

తొమ్మిదో రోజు కుప్పం బస్సులో నారాయణస్వామి మనిషి వచ్చాడు. జీపు గుట్ట మీద నుంచి వెనక్కి జారి వంకలో పడిందనీ, దేవరాజులు పోయాడనీ, ఇంజను పనికొస్తుందేమో ఒకసారి చూసి చెప్పాలనీ అన్నాడు. ముక్తియార్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. అది ఎక్కడ పెట్టాడో తర్వాత ఎంత వెతికినా దొరకలేదు.

వంకలో జీపు రాళ్ల మీద ఒరిగి ఉంది. చుట్టూ రాళ్ల మీద పట్టుగూళ్లు తెల్లగా చెదిరి ఉన్నాయి. ఎండకు మెరుస్తూ, ఎవరో మల్లెమొగ్గలు ఒలకబోసి మరిచిపోయినట్టు.

గట్టు మీద నిలబడి నారాయణస్వామి చెప్పాడు. "తాగి తోలినాడు సాయిబూ. లేకుంటే పదేండ్లుగా ఎక్కే గుట్ట మీద బండి వెనక్కి యాల జారతాది? ఊరంతా అదే అంటాండారు."

ముక్తియార్ బోనెట్టు తెరిచాడు. వాల్వులను ఎత్తి దించే ట్యాపెట్లు కొత్తగా బిగించి ఉన్నాయి. సందులు కొలిచినట్టు సరిగ్గా ఉన్నాయి. తను చెప్పిన పనిని దేవరాజులు ఒక్క వెంట్రుక కూడా తప్పకుండా చేశాడు. అప్పుడు వెల్లకిలా పడుకుని, బండి కిందికి దూరాడు.

ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు మోసుకుపోయే పొడుగాటి షాఫ్టు విరిగి వేలాడుతోంది. దాని కీలులో ఉండే శిలువ లాంటి ముక్క, క్రాసు అంటారు, రెండుగా పగిలింది. గ్రీజు ఎండిపోయిన చోట ఇటుకపొడి లాంటి ఎర్రటి తుప్పు. ఆ కీలు ఎండితే మొదట పిట్ట కూసినట్టే కూస్తుంది. పాత జీపుల్లో చేతిబ్రేకు పట్టేది కూడా ఆ షాఫ్టునే. అది తెగితే ఇంజనూ ఆపలేదు, చేతిబ్రేకూ ఆపలేదు. తెగిన షాఫ్టు గిరగిరా తిరిగి కాలిబ్రేకు గొట్టాన్ని కూడా చీల్చేసింది. దేవరాజులు మూడింటినీ పట్టుకుని ఉంటాడు. మూడూ పట్టు లేకుండా వట్టిగా వచ్చేసి ఉంటాయి.

"ఏమప్పా, ఇంజను?" గట్టు మీద నుంచి నారాయణస్వామి అడిగాడు.

"బాగుండాది," అన్నాడు ముక్తియార్. పగిలిన క్రాసును తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు.

డ్రైవరు పక్కన, ఇంజను మూత ఆనుకుని ఉన్న సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. బస్సు కుప్పం దాటి చదును రోడ్డు అందుకుంది. అప్పుడు వినబడింది.

కడక్. కడక్. కడక్.

అదే లయ. అదే విరుపు. ఆ బస్సు ట్యాపెట్లు వదులయ్యాయి. దేవరాజులు ఈ బస్సులోనే వచ్చాడు, బహుశా ఈ సీట్లోనే. జీపు చప్పుడును నోట్లో పెట్టుకుని బయల్దేరిన మనిషి చెవిలోకి నాలుగు గంటలసేపు బస్సు చప్పుడు కారింది. దారిలో ఎక్కడో, తనకే తెలియకుండా, ఒకటి దిగిపోయి ఇంకొకటి ఎక్కింది. ముక్తియార్ చెప్పిన రోగం తప్పు కాదు. కాకపోతే అది బస్సు రోగం. దారిలో చెదరకుండా మిగిలింది ఆ పిట్టకూత ఒక్కటే. దాన్ని ఆయనే వద్దని తోలేశాడు.

ఇంటికొచ్చి భార్య మహమూదాకు చెప్పాడు. ఆమె చాటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా వింది. "కావాలని చెయ్యలేదు కదా మీరు," అంది మొదట. కొంచెం సేపు ఏరింది. "ఆయప్ప పెండ్లానికి తెలుసా?"

ముక్తియార్ తువ్వాలు విప్పి, పగిలిన క్రాసును చాట పక్కన పెట్టాడు.

"మొగుడు పోయినాడు. పోయినోడికి తాగుబోతని పేరు గూడానా? అదైనా మీ చేతిలో ఉండాది కదా."

చెప్తే షెడ్డు ఏమవుతుందో ఆయనకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా రోజుకింత తెలుస్తూ వచ్చింది. టీ కొట్టు దగ్గర ఎవరైనా దేవరాజులు పేరెత్తి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి తాగుడు సైగ చేస్తే, ఆయన షెడ్డులోకి పోయి అవసరం లేని నట్లు విప్పుకుంటూ కూర్చునేవాడు. నెలా పదిరోజులు అలా గడిచాయి. ఒక శుక్రవారం నమాజు అయ్యాక, తువ్వాల్లో క్రాసు చుట్టుకుని కుప్పం బస్సెక్కాడు.

నారాయణస్వామి ఇంటి ముందు, పదిమంది ఉన్నప్పుడే, రెండు ముక్కలనూ అరుగు మీద పెట్టి చెప్పాడు. దేవరాజులు తాగలేదన్నాడు. బండి విరిగిందన్నాడు. చప్పుడు తప్పుగా విన్నది తనేనన్నాడు.

నారాయణస్వామి ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేదో ఆ పొద్దే చెప్పింటే బాగుండు గదప్పా," అన్నాడు. "ఇప్పుడు ఎవురికి జెప్పేది?" పదిమందిలో ఒకరిద్దరు తల ఊపారు. మిగిలినవాళ్లు సాయిబును ఎగాదిగా చూశారు. చచ్చినవాడి మీద దయతో చెబుతున్నాడని ఒకడు పక్కవాడితో గొణిగాడు. ఊరు ఒక మాటను ఒకసారి నమిలి మింగేశాక మళ్లీ కక్కదు.

అక్కణ్నుంచి దేవరాజులు ఇంటికి పోయాడు. అతని భార్య కౌసల్య మల్బరీ ఆకు మోపు దించి, అప్పుడే గడపలో కూర్చుంది. ముక్తియార్ నిలబడే అంతా చెప్పాడు. పిట్టకూత సంగతి కూడా దాచలేదు. ఆమె ఏడవలేదు. కొంగుతో మెడ మీద చెమట తుడుచుకుంది.

"బిగించినాక గూడా సప్పుడు పోలేదన్నా," అంది. "యాల పోలేదని నేనే అడిగినా. సాయిబు చెప్పినాడు గదా, నాలుగు తూర్లు గుట్టెక్కితే అదే అణుగుతాది అని ఆయప్ప అన్నాడు."

ముక్తియార్ గోడకు చెయ్యి ఆనించాడు.

"ఆ పొద్దు నీ కాడ ఎట్ల చేసి చూపించినాడు?"

"ఏందమ్మా?"

"సప్పుడు. ఆయప్ప ఇంట్లో గూడా చేసేటోడు, చంటిబిడ్డను ఆడించేకి. ఎట్ల చేసినాడో ఒకసారి చెయ్యి. సూస్తా."

ముక్తియార్ గోడ మీది చెయ్యి తీశాడు. లేని స్టీరింగును రెండు చేతులతో పట్టుకున్నాడు. కుడికాలు నేలకు నొక్కాడు. కడక్, కడక్, కడక్. దేవరాజులు లేపినట్టే కనుబొమలు లేపాడు. కౌసల్య కళ్లార్పకుండా ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆయన ముఖం వెనక ఇంకో ముఖం కోసం వెతుకుతున్నట్టు చూస్తోంది. నాలుగో దెబ్బ దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఇంకొంచెం సేపు," అంది ఆమె.

ఆయన చేశాడు. లోపల ఊయల్లోని బిడ్డ ఆ చప్పుడుకు కిలకిలా నవ్వింది. అప్పుడు కౌసల్య కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత ముక్తియార్ ఎవరి నోటి నుంచీ చప్పుడు వినలేదు. డ్రైవరు నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి, "వద్దప్పా. బండి యాడుండాది? పోదాం పద," అనేవాడు. ఒక జీపు కోసం వాల్మీకిపురం దాకా, ఇంకొకదాని కోసం కుప్పం దాకా బస్సుల్లో తిరిగేవాడు. ఒక బండి దగ్గరికి పోతే ఆ రోజు ఇంకో బండి ఉండదు. అన్ని రోజులు ఆగలేని డ్రైవర్లు మదనపల్లెలో కొత్తగా పెట్టిన షెడ్లకు పోవడం మొదలుపెట్టారు. స్టూలు చుట్టూ జనం పలచబడ్డారు. వెంకటస్వామి టీ కొట్టును బస్టాండు దగ్గరికి మార్చుకున్నాడు. పోయిన పేరు గురించి ఆయన ఎవరితోనూ అనుకోలేదు. ఏటా ఎండాకాలంలో ఒక రోజు మాత్రం షెడ్డు మూసి కుప్పం వెళ్లేవాడు. ఆ పల్లెలో ఎవరు కనబడినా నిలబెట్టి, దేవరాజులు తాగలేదని చెప్పి వచ్చేవాడు. ఏడేళ్లయినా వాళ్లు ఆయన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లు. మాట మాత్రం తీసుకునేవాళ్లు కారు.

1986లో ఆయన పాత పేరు విని, ఆయన గురించి రాయడానికి పుంగనూరు వచ్చిన మనిషిని సాయంత్రం బస్సు దాకా సాగనంపాడు. దగ్గు వల్ల మధ్యలో రెండుసార్లు ఆగాడు. బస్సు కదలబోతుంటే కిటికీ చువ్వ పట్టుకుని అన్నాడు.

"రాస్తే రాసుకో అప్పా. దేవరాజులు తాగలేదని మొదట రాయి. నా సంగతి ఆనెంక, జాగా మిగిల్తే."