ఎద్దుల కొట్టంలో అత్త

మొన్న కర్నూలు ఆసుపత్రిలో మా అబ్బాయి ఒక కాగితం పట్టుకుని నా మంచం పక్కన నిలబడ్డాడు. ఊపిరి ఆడకపోతే గొట్టాలు పెట్టాలా వద్దా అని డాక్టరు అడిగాడట. "వద్దు. ఇంటికి తీసుకుపో, నా మంచం మీదే పోతాను" అన్నాను. వాడు సరేనంటూనే ఫోను పట్టుకుని బయటికి నడిచాడు, నలుగురినీ అడగడానికి. అడిగేది నన్ను, వినేది నలుగురి మాట. మా ఇంటి మగవాళ్లకు ఇది పాత అలవాటే.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను నందికొట్కూరు దగ్గర ఒక పల్లెకు కోడలిగా వెళ్లాను. మా అత్త గట్టి మనిషి. ఆ మిద్దెలో నాపరాళ్లన్నీ దగ్గరుండి పరిపించింది; ఒక్క రాయి ఎగుడుదిగుడుగా ఉన్నా మేస్త్రీ చేత మళ్లీ పీకించేదట. వాటి మీద కాలు ఈడ్చి నడిస్తే నన్ను కూడా పీకేసేలా చూసేది. జబ్బు ముదిరి మంచం పట్టాక ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుంది. "అమ్మీ, నన్ను బయటికి మోయనియ్యొద్దు. నా బిడ్డలందరూ ఈ గదిలోనే పుట్టినారు. నేనూ ఈడనే పోతా." సరేనన్నాను. పంతొమ్మిదేళ్ల దాన్ని, మాట ఇవ్వడం ఎంత సులువో!

రెండు రోజులకు ఎగశ్వాస మొదలైంది. అయ్యవారు పంచాంగం చూసి ధనిష్ఠా పంచకం నడుస్తోందన్నాడు. ఆ ఐదు రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. "ఇంటి నిండా శెనక్కాయ మూటలు ఉండాయి, యాడికి పోతాం? ఐదు దినాలే కదరా, కొట్టంలో పండుకోబెడదాం" అన్నాడు మామ, మా ఆయనతో. పెళ్లాం మాట మామ చెవికి ఏనాడూ ఎక్కలేదు. మంచం ఎత్తారు. అత్తకు నోట మాట పడిపోయింది గానీ తెలివి ఉంది. గది దాటేటప్పుడు ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది. మామ నావైపు చూశాడు. ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది నేనే.

పంచకం వెళ్లిపోయింది. అత్త బతికే ఉంది, ఎద్దుల పక్కన, ఈగల మధ్య. "లోపలికి తెద్దామా మామా?" అని భయపడుతూ అడిగాను.

"పొయ్యే మనిషే కదమ్మా, ఎన్నిసార్లు మోసేది?"

కొట్టంలోకి మోసిన పన్నెండో రోజున అత్త పోయింది. ఇల్లు కాపాడుకున్నాడని ఊరంతా మామను మెచ్చుకుంది. ఆయన మీద కోపం నాకింకా చల్లారలేదు; నా మీద అంతకన్నా ఎక్కువ.

ఈసారికి నాకు తగ్గింది, ఇంటికొచ్చాను. అబ్బాయి ఆ కాగితాన్ని బీరువాలో దాచాడు. నా మాట ఇంకా అందులో రాయలేదు. ఆ బీరువా గదిలోకి వెళ్లినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే ద్వారబంధాన్ని పట్టుకుంటోంది. ఆ పంచకం ఐదు రోజులే అన్నాడు అయ్యవారు. నాకు మాత్రం అది ఇంకా నడుస్తూనే ఉంది.