తిన్నగా అయిన మెడ

క్లినిక్‌లో పచ్చ తెర వెనక 'టక్'మని చప్పుడైంది. ఒక మగ గొంతు "అమ్మో!" అని, కాసేపాగి "అమ్మయ్య" అంది. బెంచీ మీది జగదాంబ సగం లేచి మళ్ళీ కూర్చుంది.

తెర తొలగింది. ఆమె మొగుడు సుబ్బరామయ్య బయటికొచ్చి, చాన్నాళ్ళ తర్వాత భార్యను ఎదురుగా చూశాడు. చూసిన మరుక్షణం అతని ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"కొంప మునిగిందే! మెడ తిన్నగా అయిపోయింది!"

సుబ్బరామయ్య చీరాలలో నాటకాలాడి, సినిమాల కోసం వచ్చి యూసుఫ్‌గూడలో మిగిలిపోయాడు. ఏ సినిమాలోనైనా గుంపులో ఒకడు. ఇసుక మీద పడ్డ చినుకులా అతని ముఖం తెర మీద కనపడకుండానే ఇంకిపోయేది. తొంభై రెండులో ఒక షూటింగులో, అతనెక్కిన అంబాసిడర్‌ని వెనక జీపు సుతారంగా తాకి ఆగాలి. గట్టిగానే గుద్దింది. తల ముందుకూ వెనక్కూ కొట్టుకుని, మెడ ఎడమకు తిరిగి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ఆ మెడను చూసి దర్శకుడు మురిసిపోయాడు. "ఆ ఓరచూపేంటయ్యా, పడగెత్తిన పాములా! విలన్ గుమాస్తా వేషం నీదే."

మాటలున్న వేషం! నొప్పికి మూలుగుతూనే సుబ్బరామయ్య నవ్వాడు. సగం సీన్లు ఆ మెడతోనే అయ్యాయి. ఇంట్లో మాత్రం పప్పన్నం కలపబోయి మంచినీళ్ళ గ్లాసులో చెయ్యి పెట్టేవాడు.

"నాతో మాట్లాడుతున్నారో, గోడ మీద బల్లితో మాట్లాడుతున్నారో!" అని విసిగి, జగదాంబ అతన్ని జూబ్లీహిల్స్‌లో డాక్టర్ బాలమణి దగ్గరికి లాక్కొచ్చింది. మందుల్లేకుండా చేతులతోనే వెన్నుపూసలు సరిచేసే కైరోప్రాక్టిక్ వైద్యం విదేశంలో చదివొచ్చిన మనిషి.

"నొప్పి తీసేసి, వంకర ఉంచండి డాక్టరమ్మా," అని బతిమాలాడు.

"గదేంది సార్! రెండూ ఒక్కటే గద." ఆమె ఎక్స్‌రే చూసి, నిద్రపోతున్న పిట్టను తాకినట్టు మెడంతా తడిమింది. "జర వదులుండ్రి."

టక్.

ఇప్పుడు అతను మళ్ళీ లోపలికి తొంగిచూశాడు. "తిరిగి వంచడం కుదరదా అమ్మా?"

"నేను సక్కగ చేసెటందుకు సదివిన సార్, వంకర చేసెటందుకు కాదు!"

మర్నాడు సెట్లో తనే మెడ వంచి నిలబడ్డాడు.

"కట్! మొన్న ఎంత సహజంగా చేశావు! ఇవాళ నటిస్తున్నావేంటి?" దర్శకుడు విసుక్కున్నాడు. "లాభం లేదు. పాత సీన్లు కూడా ఇంకొకడితో తీద్దాం."

సుబ్బరామయ్య కాళ్ళ కింద ఫిల్మ్‌నగర్ బండరాయి మెల్లగా మబ్బైపోయింది.

మాటల రచయిత పట్టాభిరామయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఆగండి, ఒక సీను కలుపుతాను. హీరో చెంప ఛెళ్ళుమనిపిస్తే గుమాస్తా మెడ తిన్నగా అయిపోతుంది. మిగతాదంతా తిన్నటి మెడే." దర్శకుడు సరేనన్నాక, రచయిత సుబ్బరామయ్య భుజం మీద చెయ్యేశాడు. "నీ మెడ ఇంకా పచ్చిగానే ఉందయ్యా. దెబ్బ మటుకు డూప్‌తో తీయిద్దాంలే."

"వద్దండీ గురువుగారూ, నేనే తింటాను. తిన్నాక కెమెరా నా మొహం దగ్గరికొస్తుంది కదండీ?"