మేడమ్ గారి పగ

మా మేడమ్ గారు పోయారన్న ఫోన్ వచ్చేసరికి నేను హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు ఏడుపు రాలేదు. "వాణ్ణి ప్రాణాలతో వదిలేసి మీరెళ్ళిపోతే ఎలాగండీ?" అని పైకే అనేశాను. పక్కనున్నావిడ వింతగా చూసింది.

ఆ 'వాడు' ఎవరో మీకు చెప్పాలి.

మేడమ్ గారు విజయవాడలో మా ఫార్మసీ కాలేజీ లెక్చరర్, నా రీసెర్చ్‌కి గైడ్. ఆవిడ భర్త ఇబ్రహీంపట్నంలో ఉద్యోగం చేసేవారు. ఓరోజు ఇనుప రేకు కాలికి గీసుకుంది. చిన్న గాయమే. అది చీము పట్టి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఆసుపత్రిలో ఒక యాంటీబయాటిక్ తర్వాత ఇంకొకటి ఎక్కించారు. ఆ బాక్టీరియా దేనికీ లొంగలేదు. ఆయన పోయాక, ఆయన రక్తంలో దొరికిన ఆ బాక్టీరియానే మేడమ్ ఆసుపత్రివాళ్ళ అనుమతితో మా ల్యాబ్‌కు తెచ్చుకున్నారు. నేను చేరిన మొదటి రోజు గాజు ప్లేట్‌లో చూపించి, "మా ఆయన్ని చంపినవాడు వీడేనమ్మా. వీణ్ణి చంపే మందు మొక్కల్లోంచి తీయాలి. అదే నీ పని" అన్నారు.

వాళ్ళ చర్చి పాస్టర్ గారు ఒకసారి "పగ దేవుడికి వదిలేయాలమ్మా" అని నచ్చచెప్పబోయారట. "మనుషుల మీదైతే వదిలేసేదాన్నండి. ఇది క్రిమి. దీన్ని నాకు వదిలేయమని మీరే ప్రార్థన చేయండి" అన్నారట ఈవిడ.

కాలవగట్ల వెంట తిరిగి ఆకులూ వేళ్ళూ సేకరించేవాళ్ళం. దారిలో ఏ మందుల షాపులోనైనా డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ మాత్రలు చించి ఇస్తుంటే ఆటో ఆపించేవారు. "రెండే మాత్రలిచ్చి ఆ క్రిమిగాడికి కర్రసాము నేర్పుతున్నావయ్యా! రేపు ఏ మందేసినా కాచుకుంటాడు" అని కేకలేసేవారు. నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. ఇప్పుడు నేనూ కేకలేస్తున్నాను.

చాలాకాలం ఓడిపోయాం. చివరికి ఒక కలుపుమొక్క వేరు రసం వేసినచోట వాడు చచ్చి, ప్లేట్‌లో ఖాళీ వలయం కనిపించింది. ఆ మొక్క పేరు మీకు చెప్పను. "బయటపెడితే జనం రేపే పీకి నూరుకుని తాగేస్తారు" అని ఆవిడ హెచ్చరిక. ఆ వలయం మీదికి వంగి, "చావరా, చావు" అన్నారు, గుసగుసగా. ఆవిడ కేకలకు అలవాటుపడ్డ నాకు ఆ గుసగుస కొత్త.

కానీ ఆ రసంలోని అసలు పదార్థాన్ని వేరుచేసి చూస్తే, అది మనిషి రక్తకణాలనూ పగలగొడుతోంది.

"వాడు చస్తున్నాడు కదండీ. ముందు పేపర్ రాసేద్దాం" అన్నాను.

"వాడితోపాటు రోగినీ చంపితే అది మందెలా అవుతుందమ్మా? మా ఆయనకి ఎక్కించగలవా దీన్ని?" అన్నారు.

మర్నాటి నుంచి ఆ పదార్థం నిర్మాణాన్ని కొద్దికొద్దిగా మార్చే పనిలో పడ్డాం. ఆ పని మధ్యలోనే ఆవిడ వెళ్ళిపోయారు.

సమాధి దగ్గర మట్టి వేసి తిన్నగా ల్యాబ్‌కు వెళ్ళాను. ఆవిడ ఆఖరున చెప్పిన మార్పుతో చేసిన పదార్థాన్ని పరీక్షకు పెట్టాను. మర్నాడు చూస్తే వాడు చచ్చాడు. రక్తకణాలు చెక్కుచెదరలేదు. ఇది ఇంకా మందు కాదు. ఎలుకల మీద చూడాలి, తర్వాత మనుషుల మీద. ఏళ్ళు పడుతుంది. పట్టనీ. ఆవిడ పగ ఇప్పుడు నాది.

ఆ పరీక్షలో వాడు పెరిగిన ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే పెద్ద కుక్కర్ లాంటి దాంట్లో, పెట్టి మూత బిగించాను. మామూలుగా స్విచ్ వేసి వెళ్ళిపోతాం. ఆరోజు వెళ్ళలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ప్రెషర్ ముల్లు నెమ్మదిగా పైకి ఎక్కుతోంది. లోపల ఆవిరి బుసలు కొడుతోంది.