సున్నాలు పెట్టిన మల్లీశ్వరి

వికారాబాద్ మల్లీశ్వరికి ఒకటే గొప్ప. చాయ్ మరిగేలోపు ఒక ఫారం నింపేస్తుంది. పదిహేనేళ్లుగా ఊరూరా సర్వేలు చేసి చేసి అబ్బిన విద్య అది. ఆ విద్యే ఆమె కొంప ముంచింది.

తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డలకు దిగే జబ్బొకటుంది. నడక తూలుతుంది, చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది. ఆ రోగుల కోసం విదేశాల్లో రాసిన ప్రశ్నలను తెలుగులో పెట్టారు. అవి మనవాళ్ల బతుకుకు సరిపోతాయో లేదో రోగుల్నే అడిగి తెలుసుకోవడం మల్లీశ్వరి పని. ఆ పని అప్పగించిన డాక్టర్ సాహిత్య పెట్టిన షరతు ఒక్కటే. ఎంతసేపు పట్టినా జవాబు రోగి నోటినుంచే రావాలి.

కుల్కచర్ల దగ్గర గొర్రెల కాపరి ఈరయ్య ఇంట్లో మొదటి ప్రశ్న అడిగింది.

"గుండీలు పెట్టుకునుడు కష్టమైతుందా కాకా?"

ఆయన నోరు తెరిచేలోపే భార్య హన్మమ్మ అందుకుంది. "ఆయనకు గుండీలేడియి మేడం? ధోతీ, బనీనే గద."

మల్లీశ్వరి సున్నా పెట్టింది. సున్నా అంటే కష్టం లేదని. ఆ ధోతీ ఎవరు కడుతున్నారని అడగాల్సింది, అడగలేదు. మాట తడబడే మనిషి తరఫున ఇల్లాలు మాట్లాడటం మన ఊళ్లలో మామూలే. ఇరవై ప్రశ్నలూ అలాగే నడిచాయి. జబ్బు వల్ల నలుగురిలోకి పోవాలంటే సిగ్గనిపిస్తుందా అన్నది చివరిది.

"మొగోనికి సిగ్గేంది!" అని హన్మమ్మ నవ్వింది.

ఈరయ్య పెదవులు కదిలాయి. మల్లీశ్వరికి బస్సు టైమవుతోంది. మరో సున్నా చుట్టేసి లేచింది.

వారం తర్వాత ఆ కాగితాలు చూస్తూ సాహిత్య అంది, "మీరు అడిగొచ్చిన పన్నెండు మంది రోగుల్లో ఒక్కరికీ సిగ్గనిపించడం లేదట. ఈ ప్రశ్న మనవాళ్లకు అక్కర్లేదేమో మల్లీశ్వరిగారూ. తీసేద్దాం."

మల్లీశ్వరికి తల కొట్టేసినట్టయింది. పన్నెండు ఇళ్లలోనూ భార్యో కొడుకో చెప్పిందే రాసుకొచ్చింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ ప్రశ్న పోతే ఇకమీదట ఏ రోగినీ ఎవరూ ఆ మాట అడగరు.

"నేను వాళ్లను అడగలేదు మేడం," అంది నేల చూస్తూ.

సాహిత్య తిట్టినా బాగుండేది. "మళ్లీ వెళ్లి అడగండి," అని మాత్రమే అంది.

మర్నాడు హన్మమ్మ మంద వెంట పోయాక మల్లీశ్వరి ఈరయ్య ముందు కూర్చుంది. "మొన్న నిన్ను అడగకుంటనే రాసిన కాకా. తప్పైంది," అని చివరి ప్రశ్న మళ్లీ చదివి నోరు మూసుకుంది. ఆయనకు ఒక్కో మాట పెగలడానికి ఒక యుగం పట్టింది.

"తాండూరు అంగడికి... పోవుడు బంద్ చేసిన బిడ్డా. మూడేండ్లాయె. తాగొచ్చిండంటరు. గది... ఓర్సుకుంట."

రాసుకుంది. అయిపోయిందనుకుంది. ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఈసారి పెన్ను పక్కన పెట్టి ఆగింది.

"మల్లప్ప... నా కొడుకు. నిరుటి సంది వాడు గూడ తూలుతుండు. మా అయ్య నాకిచ్చిండు. నేను వానికిచ్చిన. వాని మొకం సూడాలంటె... సిగ్గయితది. గిది నీ కాయితంల ఉన్నదా?"

"లేదు కాకా," అంది మల్లీశ్వరి. ఆయన కళ్లలోకి చూడలేకపోయింది. ఉండి ఉంటే మాత్రం తను చేసేదేమిటి? దానికీ హన్మమ్మ దగ్గరే జవాబు తీసుకుని, సున్నా చుట్టి, బస్సెక్కేది.