కనకం మెడ ఎవరూ చూడలేదు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టిన కొత్తలో కనకం బుధవారం సంతకు వెళ్లడం మొదలుపెట్టింది. ఆ నడక ఏనాడూ ఆగలేదు. భర్త సన్యాసిరావు గూడ్స్ గార్డు. ఆయన డ్యూటీ మీద ఊళ్లు తిరుగుతుంటే, ఈమె సంచి చంకన పెట్టుకుని ఒక్కతే బయల్దేరేది. బేరం హిందీలో, తిట్టు తెలుగులో. ఆ ఒక్క పూటా ఆమె ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

మొన్న బుధవారం పొద్దు వాలుతుండగా సంత వెనక సందులోంచి ఇంటికి వస్తోంది. అక్కడ స్తంభానికి బల్బు పోయి ఎన్నాళ్లయిందో, మార్చాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. బండి మీద ఇద్దరు కుర్రాళ్లు పక్కన ఆగారు. వెనక కూర్చున్నవాడు, “మాతాజీ, స్టేషన్ కిధర్?” అన్నాడు. రైల్వే వాళ్లను స్టేషన్‌కు దారి అడిగితే చెప్పకుండా ఉండగలరా? కనకం సంచి కింద పెట్టి మరీ చెయ్యెత్తి చూపించింది. ఆ చెయ్యి దించేలోపల మెడలో పుస్తెలతాడు లాక్కుని పోయారు. మెడ కోసుకుపోయింది. ఆమె గోడకు కొట్టుకుని పడింది. టమాటాలు సందంతా దొర్లాయి.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు చిన్నమ్మి గుమ్మంలోనే ఉంది. పెద్దది, నోరున్నది, ఇంటి పెత్తనమంతా ఆమెదే. రక్తం కారుతున్న మెడ ఎదురుగా ఉంటే ఆవిడ అడిగిన మొదటి మాట, “పుస్తెలేవే?”

రెండో మాట, “ఎవలైనా సూసారేటి?”

కనకం జరిగింది చెప్పి, పోలీసులకు చెబుదామంది. చిన్నమ్మి రెండు చేతులూ అడ్డం పెట్టింది. “మగడుండగా పుస్తెలు దొంగలట్టుకుపోనారని ఊరంతా సాటుతావేటి? నా తమ్ముడికి కీడు. బట్టలుతుకుతుంటే తాడు పెరిగిపోనాదని సెప్పు.”

దీపం ఆరితే కొండెక్కిందనాలట, తాడు తెగితే పెరిగిందనాలట. మెడ తెగితే ఏమనాలో మాత్రం మన పెద్దలు చెప్పలేదు. అప్పటికప్పుడు దారానికి పసుపుకొమ్ము కట్టి, పచ్చిపుండు మీదే వేసేశారు. పసుపు అంటుకుని భగ్గుమంది.

ఆ రెండ్రోజులూ డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న సన్యాసిరావు కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు. “రేపట్నించి సంతకెల్లకు. కూరలు నేన్తెస్తాను.” పాలకూరకూ బచ్చలికూరకూ తేడా తెలియని మహానుభావుడు! దొంగలేమో బండెక్కి షికార్లు కొడతారు, పోగొట్టుకున్నదానికి ఇంట్లో ఖైదు. కనకానికి కడుపు మండిపోయింది.

“మరి భాను?” అంది.

భానుప్రియ వాళ్ల కోడలు. బ్యాంకులో పని చేసి, సాయంత్రం ఆ సందులోంచే వస్తుంది. ఆ రోజుకు పుట్టింటికి వెళ్లింది, మర్నాడు బ్యాంకు నుంచి నేరుగా ఇంటికొస్తుంది.

“ఆ గుంటకసలే సెప్పకు,” అంది చిన్నమ్మి. “కడుపుతో ఉన్నాది. బెంగెట్టుకుంటాది.”

మర్నాడు సాయంత్రం పక్క క్వార్టర్ ఉషారాణి తోడు పెరుగు కోసం వచ్చింది. కనకం మెడలో పసుపుతాడు చూసింది. ఏమీ అడగలేదు. చెయ్యి మాత్రం తన పైట మీదికి పోయింది. కనకానికి అనుమానం వచ్చి ఆ పైట పక్కకు లాగింది. అదే పసుపుతాడు. దాని కింద మానిన గాటు.

“ఎప్పుడే?”

“దసరా ముందప్పా.”

“ఎక్కడ?”

“ఆ సందులోనే. స్టేషనెటని అడిగినాడు.” ఉషారాణి తల దించుకుంది. “మా అత్త ఎవలికీ సెప్పొద్దన్నాది. మన క్వార్టర్ల లైన్లో శ్వేత తాడూ పోనాది. గిల్టు తాడేసుకు తిరుగుతోంది.”

కనకానికి దొంగ మీద కోపం నిన్ననే వచ్చింది. ఇది వేరే కోపం. ఒక్కరు నోరు విప్పి ఉంటే తను ఆ సందులోకి అడుగు పెట్టేదే కాదు. ఊరు ఊరంతా పైటలు కప్పుకుని ఆ దొంగలకు కాపలా కాసింది!

“పద,” అంది. “భాను వచ్చే ఏలయినాది. ముందు దాన్నాపాలి, ఆ తరవాత ఠాణాకి.”

చిన్నమ్మి గుమ్మానికి అడ్డం నిలబడింది. “పరువు పోద్ది. నా తమ్ముడికేటైనా అయితే?”

“ఆయన పాణం ఆయన దగ్గరే ఉన్నాది వొదినా. ఈ మెడలో ఉన్నది నా పాణం.”

ఆవిడ చెయ్యి తప్పించి గుమ్మం దాటింది, వెనకే ఉషారాణి. కనకం పైట దించి, గాటు కనబడేలా వీధిలో నడిచింది. అడిగినవాళ్లకూ చెప్పింది, అడగనివాళ్లకూ చెప్పింది. ఏ సందు, ఏ మాట, ఎలా లాగారు, అంతా.

సందు మొదట్లోనే భానుప్రియ ఎదురైంది. అత్తను చూసి ఆగిపోయింది.

“అత్తా, మెడకేమైంది? దర్ద్ హో రహా హై క్యా?”

నొప్పిగా ఉందా అని నిన్నటి నుంచి అడిగినవాళ్లు లేరు. కనకం నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చేసింది. తరవాత ముక్కు తుడుచుకుని, కోడల్ని పెద్దరోడ్డు వైపు తిప్పింది. ముగ్గురూ ఠాణాకు నడిచారు.