కంకిపాడు కెప్టెన్ చేయని సర్వీసు

ఈ సాయంత్రం కంకిపాడులో మన జట్టు వాలీబాల్ మ్యాచ్ చూసి వచ్చాను. కళ్ళారా చూసింది ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. అందుకే ఇప్పుడే రాసి మన క్యాంటీన్ బోర్డుకు అంటిస్తున్నాను.

మొన్నమొన్ననే, 1964లో, స్వాతంత్ర్యం తెచ్చుకున్న ఆఫ్రికా దేశం జాంబియా నుంచి మన వర్క్‌షాపుకు శిక్షణకు వచ్చిన జోసెఫ్ మన తరఫున ఆడాడు. అతను ఎగిరి కొడితే బంతి కనిపించేది కాదు, నేలను తాకిన చప్పుడే వినిపించేది. కానీ బంతి అతని దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ ఊరి జనం అతని రంగు మీద కేకలు వేశారు, కోతికూతలు కూశారు. జోసెఫ్ తల వంచలేదు.

చివరి సెట్‌లో కంకిపాడు గెలవడానికి ఒక్క పాయింటు చాలు. సర్వీసు వాళ్ళ కెప్టెన్ కోటేశ్వరరావు గారిది. కూతలు మళ్ళీ లేచాయి. ఆయన బంతిని చంకలో పెట్టుకుని తన ఊరివాళ్ళ వైపు తిరిగారు.

"మీరు నోరు మూసేదాకా నేను సర్వీసు చెయ్యను."

"ఏంటండీ, గెలిచే ఆట చేజేతులా పోగొడతారా?" అని ఒకాయన అరిచాడు.

"మనూరొచ్చిన మనిషండీ ఆయన. ఇలా గెలిస్తే రేపు బజార్లో తలెత్తుకు తిరగలేను."

ఆయన ఎంతకీ సర్వీసు చేయకపోవడంతో రిఫరీ విజిల్ వేసి సర్వీసు మనకిచ్చేశాడు. కోటేశ్వరరావు గారు బంతిని నెట్ కిందనుంచి మనవైపు దొర్లించారు. అప్పటికిగానీ కూతలు ఆగలేదు.

చివరికి మనమే గెలిచాం. జోసెఫ్ నెట్ కిందనుంచి దూరి వెళ్ళి ఆయన్ని కౌగిలించుకున్నాడు. కేకలు వేసినవాళ్ళలో కొందరు లేచి వెళ్ళిపోయారు, కొందరు చప్పట్లు కొట్టారు.

కప్పు మనదే గానీ, తిరుగు బస్సులో అందరూ ఆయన గురించే మాట్లాడుకున్నారు. ఆ బంతి మీ చేతిలో ఉంటే మీరేం చేసేవారు? కింద ఖాళీ వదిలాను, రాయండి.